లెక్క కట్టునది ఏది? కట్టనిది ఏది?

ఈ మధ్య విజ్ఞానశాస్త్ర రచనలలో ఒక మాట తరచుగా కానవచ్చుచున్నది: "ప్రకృతి యంతయు ఒక కంప్యూటరు." చెట్టునుండి రాలు మామిడిపండు తన వేగమును తానే లెక్క కట్టుకొనునట. నది తన దారిని లెక్క కట్టుకొనునట. జర్మను ఇంజనీరు కొన్రాడ్ జూసే 1969లో విశ్వమే గణనము చేయుచున్నదను భావమును గ్రంథరూపమున ప్రకటించెను. అమెరికా శాస్త్రజ్ఞుడు సెత్ లాయిడ్ 2006లో ఆ భావమునే సామాన్య పాఠకులకొరకు మరియొక గ్రంథముగా వ్రాసెను. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో ఈ మాటకు మరియొక రూపము కలదు. అరసవల్లి సూర్యదేవాలయము పూర్వులు రాతితో కట్టిన కంప్యూటరని కొందరు సగర్వముగా చెప్పుదురు.

ఈ రెండు మాటలును ఒకే ప్రశ్నకు దారితీయును. ఒక భౌతిక వ్యవస్థ, అనగా రాయియో, నీరో, పళ్ళ చక్రముల కూర్పో, సిలికాన్ బిళ్ళయో, లెక్క కట్టుచున్నదని మన మెప్పుడు అనవచ్చును? ఎప్పుడు అనరాదు?

ఇది వట్టి మాటల తగవు కాదు. అన్నియు లెక్క కట్టునవే యైనచో "లెక్క కట్టుట" యను మాటకు అర్థమే మిగులదు. కంప్యూటరునకును కంకర రాతికిని భేదమేమని విద్యార్థి అడిగినపుడు ఉపాధ్యాయునికి చెప్పుటకు సమాధానముండదు. ఈ ప్రశ్నను సూటిగా చేపట్టిన పరిశోధన వ్యాసము ఒకటి 2014లో బ్రిటనునందలి రాయల్ సొసైటీ వారి ప్రొసీడింగ్స్ "ఏ" శ్రేణిలో వెలువడినది. క్లేర్ హార్స్‌మన్, సుసాన్ స్టెప్నీ, రాబ్ వాగ్నర్, వివ్ కెండన్ దాని రచయితలు. భౌతిక వ్యవస్థ ఎప్పుడు లెక్క కట్టును అనుటయే దాని శీర్షిక. ఆ వ్యాసము చెప్పిన సిద్ధాంతమును మన ప్రాంతపు ఉదాహరణములతో పరీక్షించి, అందలి బలమును, కొరతను చూపుట ఇచ్చటి ఉద్దేశము.

అరసవల్లి కిరణములు

మొదట దేవాలయమును చూతము. శ్రీకాకుళ పట్టణమునకు ఆనుకొనియున్న ఈ ఆలయమును 7వ శతాబ్దమున తూర్పు గాంగవంశపు దేవేంద్రవర్మ నిర్మించెనని చెప్పుదురు. ఏటేట మార్చి 9, 10, 11 తేదీలలోను, అక్టోబరు 1, 2, 3 తేదీలలోను, ఆకాశము నిర్మలముగా నున్నచో, ఉదయసూర్యుని కిరణములు ద్వారములను దాటి మూలవిరాట్టు పాదములను తాకునని ప్రసిద్ధి. ఆ కొద్ది నిమిషముల దర్శనమునకు వేలకొలది జనులు తెల్లవారుజామునుండి వేచియుందురు.

ఈ తేదీలను విద్యార్థులు తామే పరీక్షింపవచ్చును. సూర్యుడు ఆకాశమున మిక్కిలి దక్షిణమునకు చేరు దినము డిసెంబరు 21 లేక 22. అక్టోబరు 2 నుండి డిసెంబరు 21 వరకు లెక్కించిన 80 దినములు. డిసెంబరు 21 నుండి మార్చి 10 వరకు 79 దినములు. అనగా సూర్యుడు దక్షిణమునకు పోవుచు ఒకమారు, తిరిగి వచ్చుచు మరియొకమారు ఇంచుమించు ఒకే చోట ఉదయించుచున్నాడు. సూర్యుని క్రాంతి అక్టోబరు 2న సుమారు మూడున్నర డిగ్రీలు దక్షిణము. మార్చి 10న నాలుగు డిగ్రీలకు కొంచెము పైన. రెంటికిని గల భేదము ఒక డిగ్రీకి లోపే. శ్రీకాకుళము 18 డిగ్రీల ఉత్తర అక్షాంశము దాటియున్నది గనుక ఆ దినములలో సూర్యుడు సరియైన తూర్పునకు సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణముగా ఉదయించును. ఆ కాలమున ఉదయస్థానము దినమునకు సుమారు 0.4 డిగ్రీ చొప్పున జరుగును. సూర్యబింబపు వెడల్పు సుమారు అర డిగ్రీ. కావున ఇరుకైన దారిగుండ వచ్చు వెలుగు రెండు మూడు దినములు మాత్రమే లోపలికి చేరుటలో వింత లేదు.

ఇందు లెక్క కట్టిన వారెవరు? ఇప్పుడు మనము కట్టితిమి. ఆనాడు ఆలయమునకు దిక్కు నిర్ణయించిన శిల్పులు, లెక్కచేతనో చూపుచేతనో, సూర్యుని నడకను ఎరిగియుండవలెను. వెలుగు మాత్రము తిన్నగా వచ్చినది. అడ్డున్నచోట ఆగినది, దారియున్నచోట పోయినది. ఆలయము ఒక దిక్కును రాతిలో నిలిపియుంచినది. అది గొప్ప నిర్మాణము. అయినను ఒక దిక్కును నిలిపియుంచుట వేరు, లెక్క కట్టుట వేరు. శిల్పుల జ్ఞానమును రాతికి అంటగట్టినచో శిల్పులకే అన్యాయము జరుగును.

రాయియు గోడయు

"మీరు మరీ కఠినముగా చెప్పుచున్నారు" అని కొందరనవచ్చును. వారి పక్షమును బలముగా చెప్పిన తత్త్వవేత్తలున్నారు. అమెరికా తత్త్వవేత్త హిలరీ పట్నం 1988లో ఒక విచిత్రమైన వాదము చేసెను. ఏ వస్తువైనను క్షణక్షణము ఒక స్థితినుండి మరియొక స్థితికి మారుచుండును. ఎండలోనున్న రాయి వేడెక్కును, నీడ వచ్చిన చల్లబడును. మొదటి స్థితికి "2" అనియు, రెండవ స్థితికి "3 కలుపుము" అనియు, మూడవ స్థితికి "5" అనియు పేర్లు పెట్టితిమనుకొనుడు. రాయి రెంటికి మూడు కలిపి అయిదు చెప్పినట్లే కదా! ఇట్లు పేర్లు పెట్టుచు పోయిన ఏ రాయి చేతనైనను ఏ లెక్కయైనను చేయింపవచ్చును. జాన్ సెర్ల్ 1990లో ఇదే ధోరణిలో, తన వెనుకనున్న గోడ కూడ ఒకానొక కంప్యూటరు ప్రోగ్రామును నడుపుచున్నదని చెప్పవచ్చునని వ్రాసెను.

ఈ వాదములను వారు రాతిని పొగడుటకు చేయలేదు. గణనమను భావమునకు సరియైన కట్టుబాటు లేకున్న అది ఎంత చౌకయగునో చూపుటకు చేసిరి. దీనికి డేవిడ్ చామర్స్ 1996లో ఇచ్చిన సమాధానము తరగతి గదిలో చెప్పదగినది. రాయి రెంటికి మూడు కలిపినదందురు గదా; రెండునకు బదులు నాలుగు ఇచ్చియుండినచో ఏమి చెప్పియుండెడిది? ఆ ప్రశ్నకు రాతివద్ద జవాబు లేదు. ఎందుకనగా జరిగిపోయినదానికి వెనుకనుండి మనము పేర్లు తగిలించితిమే కాని, రాతికి నాలుగు ఇచ్చు దారియే లేదు. లెక్క కట్టు యంత్రమునకు జరిగిన లెక్క ఒక్కటి చాలదు. జరుగగల లెక్కలన్నిటికిని అది సిద్ధముగా నుండవలెను.

మన కళ్ళములలో ధాన్యము కొలుచు పద్ధతిని జ్ఞాపకము చేసికొన్న ఇది తేటపడును. కొలుచువాడు మొదటి కుంచమునకు "ఒకటి" అనడు, "లాభము" అనును. తరువాత రెండు, మూడు అని సాగించును. లెక్క తప్పకుండుటకు ప్రక్కన ఒక్కొక్క గులకరాయి వేయుచుండుటయు కలదు. కళ్ళము చుట్టును గులకరాళ్ళు ఎన్నియో పడియుండును. అవి ఏ లెక్కయు చెప్పవు. కొలుచువాని ప్రక్కనున్న రాళ్ళు మాత్రము లెక్క చెప్పును. రెండు రాళ్ళును ఒకే ఏటిలోనివి. బరువులోగాని, రంగులోగాని భేదము లేదు. ఒకదానికి "ఇన్ని కుంచములు" అను గుర్తు ముందుగానే ఏర్పడినది, రెండవదానికి లేదు. కుంచములు ఎక్కువైన రాళ్ళును ఎక్కువగును, తక్కువైన తక్కువగును. పట్నం చెప్పిన రాతికి ఈ రెండు గుణములును లేవు.

చతురస్రపు నాలుగు మూలలు

హార్స్‌మన్ బృందపు వ్యాసము ఈ విషయమునకు ఒక చక్కని రూపము నిచ్చినది. ఒక చతురస్రమును ఊహించుకొనుడు. పై రెండు మూలలు సంఖ్యల లోకము. క్రింది రెండు మూలలు వస్తువుల లోకము. ప్రయోగశాలలో మనము క్రిందినుండి పైకి పోవుదుము. లోలకమును ఊపి, దాని పొడవును సంఖ్యగా వ్రాసికొని, పైన సూత్రముతో ఊపు కాలమును లెక్క కట్టుదుము. క్రింద లోలకము నిజముగా ఎంతసేపు ఊగినదో కొలిచి, రెంటిని పోల్చుదుము. సరిపోలిన సూత్రము మంచిది. సరిపోలకున్న సూత్రమును మార్చుదుము. పరీక్ష సూత్రమునకు.

గణనమునందు దారి తలక్రిందులగును. పైన ఒక లెక్క యున్నది, జవాబు మనకు తెలియదు. లెక్కలోని సంఖ్యలను వస్తువు స్థితిగా మార్చి క్రిందికి దింపుదుము. వస్తువును దాని నియమముల ప్రకారము నడువనిత్తుము. అది చేరిన స్థితిని మరల సంఖ్యగా చదివి పైకి తెత్తుము. పైదారి నడువకయే పైనున్న జవాబును పొందితిమి. ఇట్లు చేయవలెనన్న నాలుగు కావలెను: వస్తువు నడకను గూర్చి బాగుగా పరీక్షింపబడిన సిద్ధాంతము, సంఖ్యను వస్తువులోనికి దింపు పద్ధతి, వస్తువు నడక, ఫలితమును చదువు పద్ధతి. వీనికి తోడు, ఈ గుర్తులను గుర్తులుగా వాడుకొను ఒకరు ఉండవలెను.

దీనిని కండ్లార చూచుటకు కంప్యూటరే అక్కరలేదు. ఒకప్పుడు ప్రతి ఇంజనీరు జేబులోను ఉండిన స్లైడ్ రూలును చూడుడు. రెండు అట్టముక్కలమీద సంవర్గమానముల ప్రకారము గీతలు గీయుడు. మొదటి గీతకు 1 అని పేరు. 2 అను గీత దానినుండి 30.1 మిల్లీమీటర్ల దూరమున, 3 అను గీత 47.7 మిల్లీమీటర్ల దూరమున, 6 అను గీత 77.8 మిల్లీమీటర్ల దూరమున వచ్చును. ఒక అట్టమీది 2 చెంత రెండవ అట్టమీది 1 నుంచి, రెండవ అట్టమీది 3 ఎదుట ఏమున్నదో చూడుడు: 6. అట్టముక్కకు గుణకారము తెలియదు. దానికి తెలిసినది ఒకదాని చివర ఒకటి చేర్చిన పొడవులు కలియుననుటయే. పొడవు సంవర్గమానమునకు గుర్తని మనము ఏర్పరచుకొన్నందున కూడిక గుణకారమైనది. రెండునకు బదులు నాలుగు పెట్టి చూచిన జవాబు 12 కావలెను, అగును. రాతికి లేని గుణము అట్టముక్కకు కలిగినది.

సముద్రము, కొలబద్ద, యంత్రము

ఈ సిద్ధాంతపు విలువ మన తీరమున ఇంకను బాగుగా తెలియును. కళింగపట్నము, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులలో ఓడ నడుపువారికి ఆటుపోటుల వేళలు తెలియవలెను. ఇందు మూడు వ్యవస్థలను వేరు చేసి చూడవచ్చును.

మొదటిది సముద్రము. చంద్రుడు, సూర్యుడు లాగుటచే నీరు లేచును, దిగును. రెండవది రేవులోని పోటు కొలత పరికరము. నీటిపై తేలు బెండు పైకి క్రిందికి కదలుచుండ, కలము కాగితముపై గీత గీయును. అది జరిగినదానిని చెప్పును. మూడవది పోటును ముందుగా చెప్పు యంత్రము. విలియం థామ్సన్, అనగా తరువాత లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధుడైనవాడు, 1872-73లో మొదటి యంత్రమును చేయించెను. భారతదేశపు రేవుల పోటుపట్టికల కొరకు మరియొక యంత్రము ఎడ్వర్డ్ రాబర్ట్స్ పర్యవేక్షణలో 1879లో సిద్ధమైనది.

దాని పని చాల సరళము. పోటు ఒక్క అల కాదు, అనేక అలల మొత్తము. చంద్రునివలన కలుగు ముఖ్యమైన అల 12 గంటల 25 నిమిషములకు ఒకమారు వచ్చును. సూర్యునివలన కలుగునది సరిగా 12 గంటలకు. ఇవి రెండును సుమారు పదునైదు దినములకొకమారు కలిసివచ్చును గనుకనే అమావాస్య, పూర్ణిమల ప్రాంతమున పోటు అధికము. యంత్రమునందు ఒక్కొక్క అలకు ఒక్కొక్క కప్పీ. పళ్ళ చక్రములు ప్రతి కప్పీని తగిన వేగముతో పైకి క్రిందికి ఆడించును. ఒకే తీగె ఆ కప్పీలన్నిటిమీదుగా పోయి, చివర కలమును కదపును. అన్ని కదలికల మొత్తము కాగితముమీద గీతగా పడును. పిడి త్రిప్పిన కొలది రాబోవు సంవత్సరపు పోటు గీత కొద్దిసేపటిలో వెలువడును.

కొలత పరికరమును, ఈ యంత్రమును ప్రక్క ప్రక్కన నుంచిన రెండు గీతలును ఒకే పోలికతో నుండును. అయినను మొదటిది కొలత, రెండవది గణనము. మొదటిదానిని సముద్రమునుండి తీసివేసిన గీత ఆగిపోవును. రెండవది లండనులో గది మధ్యనుండి మన తీరపు పోటు చెప్పును. మరి సముద్రము? అది కొలవదు, లెక్క కట్టదు. అది లేచి దిగును, అంతే. ఈ దృష్టితో చూచిన అరసవల్లి ఆలయము మొదటి తరగతికి కొంత చేరువగా వచ్చును. సూర్యుడు ఏ చోట ఉదయించెనో వెలుగు చూపుచున్నది. అది ఒక విధమైన కొలత. మనము తోచిన సంఖ్యను దాని కిచ్చి జవాబు రాబట్టజాలము. కనుక గణనయంత్రము కాదు.

వ్యాసముపై ఆక్షేపణలు

ఇంతవరకు చెప్పినది ఆ వ్యాసపు బలము. ఇక ఆక్షేపణలను చూతము.

మొదటి ఆక్షేపణ: వస్తువు నడకను గూర్చిన సిద్ధాంతము ముందుగా పరీక్షింపబడియుండవలెనన్నచో, నిన్న గణనయంత్రము కాని వస్తువు నేడు మన జ్ఞానము పెరిగినంత మాత్రమున గణనయంత్రమగునా? వస్తువులో ఏమియు మారలేదు కదా! 2010లో జపాను పరిశోధకులు టోక్యో పరిసర పట్టణములున్న స్థానములలో ఓట్సు గింజలనుంచి, మధ్యను ఫైసారమ్ అను జిగురు జీవిని వదలిరి. అది గింజలను కలుపుచు అల్లిన దారులు ఖర్చులోను, సామర్థ్యమునందును అచ్చటి రైలు మార్గములతో పోల్చదగినవిగా ఉండెను. పత్రికలు ఆ జీవిని కంప్యూటరని పొగడినవి. ఈ వ్యాసపు కొలతతో చూచిన అది అప్పటికి ప్రయోగము మాత్రమే. ఫలితమును రైలు మార్గముతో పోల్చి జీవిని పరీక్షించిరి కాని, తెలియని జవాబు కొరకు దానిని నమ్మలేదు.

ఈ ఆక్షేపణ నిలువదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. సంతలో పడికట్టు రాయిని చూడుడు. ఏటి ఒడ్డున పడియున్నపుడు అది వట్టి రాయి. సరియైన తూనికతో సరిచూచిన పిమ్మట పడికట్టు రాయి. రాతిలో రవ్వయైన మారలేదు. అయినను పడికట్టు రాయి అబద్ధమని ఎవ్వరును అనరు. వస్తువునకు కొన్ని పేర్లు దాని పదార్థమునుబట్టి వచ్చును, కొన్ని దాని పనినిబట్టి వచ్చును. "గణనయంత్రము" రెండవ జాతి పేరు.

రెండవ ఆక్షేపణ బరువైనది. గుర్తులను వాడుకొను ఒకరు ఉండవలెనన్నారు. ఆ ఒకరు మనస్సు గల మనుష్యుడే యైనచో మనస్సు ఎట్లు పనిచేయునని అడిగినపుడు చిక్కు వచ్చును. మెదడు గణనయంత్రమని చెప్పువారికి, ఆ యంత్రమును వాడుకొనువాడెవడు అను ప్రశ్న ఎదురగును. ఆ ఒకరు మనుష్యుడే కానక్కరలేదని రచయితలు దీనిని తప్పించుకొనిరి. 2017లో జీవులలో గణనమును గూర్చి మరల వ్రాయుచు ఆ మాటను విస్తరించిరి. అయితే జీవకణములో దేనిని గుర్తు అనవలెను, దేనిని వట్టి రసాయనక్రియ అనవలెను అను గీత ఇంకను స్పష్టముగా పడలేదు. ఆ వ్యాసపు అసలు కొరత ఇది.

మూడవది ఆక్షేపణ కాదు, హెచ్చరిక. వాడుకొను వాని మీద ఇంత భారము వేసినచో గణనము కేవలము మన తలలలోని భావమని అనిపింపవచ్చును. అట్లు కాదు. రోల్ఫ్ లాండౌవర్ 1961లో చూపిన విషయము దీనికి సాక్ష్యము. రెండు స్థితులలో ఏదో ఒకదానిలోనుండు గుర్తును చెరిపివేసినపుడు కొంత శక్తి వేడిగా బయటికి పోకతప్పదు. 300 కెల్విన్ల వద్ద అది సుమారు 2.9 ను పది కోట్లతో రెండుమార్లు భాగించి, తిరిగి లక్షతో భాగించినన్ని జౌళ్ళు. ఎంత స్వల్పమైనను సున్న కాదు. 2012లో ఫ్రాన్సులో జరిగిన ప్రయోగము ఈ హద్దును సరిచూచినది. అనగా అర్థము మనదైనను, అర్థమును మోయు వస్తువు ప్రకృతి నియమములకు పన్ను కట్టవలసినదే. గణనము వస్తువునందే లేదు, మనస్సునందే లేదు. రెంటిని కలుపు ఒప్పందమునందున్నది.

తప్పునకు తావు

రెండవ ఆక్షేపణకు పూర్తి సమాధానము కాకున్నను, తరగతిలో ఉపయోగపడు ఒక పరీక్షను ఇచ్చట ప్రతిపాదింపవచ్చును. తప్పు చేయుటకు తావున్నదా యని అడుగవలెను. తప్పు చేయజాలనిది లెక్కయు కట్టజాలదు.

19.6 మీటర్ల ఎత్తునుండి విడిచిన రాయి, గాలి అడ్డును వదలివేసిన, రెండు సెకన్లకు నేల చేరును. రాయి రెండు అని లెక్క కట్టినదందురా? రెండున్నర సెకన్లకు చేరినచో "రాయి తప్పు చేసినది" అని ఎవరైన అందురా? అనరు. గాలి అడ్డినదందురు, లేక ఎత్తు కొలుచుటలో పొరపాటందురు. రాతికి తప్పు లేదు; కనుక ఒప్పును లేదు. అరిగిపోయిన స్లైడ్ రూలు రెండు మూళ్ళు ఆరున్నర అని చూపినచో అది తప్పు చేసినది. చిత్రమేమనగా, తప్పు చెప్పు ఆ అట్టముక్క కూడ భౌతిక నియమములలో ఒక్కదానినైన అతిక్రమింపదు. తప్పన్నది పదార్థమునందు లేదు, పదార్థమునకు మనమిచ్చిన అర్థమునందున్నది. తప్పున్నచోట అర్థమున్నదని గుర్తింపవచ్చును.

పంచాంగమునకును ఇదే వర్తించును. మకర సంక్రాంతి ఇప్పుడు జనవరి 14, 15 తేదీలలో వచ్చుచున్నది. సూర్యుడు ఉత్తరమునకు తిరుగుట డిసెంబరు 21, 22 లోనే జరుగుచున్నది. అయన చలనమువలన సుమారు 72 ఏండ్లకొక డిగ్రీ చొప్పున ఈ దూరము పెరుగుచు వచ్చినది. సంక్రాంతియే ఉత్తరాయణారంభమని చెప్పినచో సుమారు 24 దినముల భేదము. ఈ భేదము గణనమునందున్నది, సూర్యునియందు లేదు. గణనము ఒక మాట చెప్పినది గనుకనే దానిని ఆకాశముతో సరిచూడగలిగితిమి.

జీవకణముల విషయమున కూడ ఈ పరీక్ష కొంత వెలుగు నిచ్చును. ఇ.కోలై అను బాక్టీరియా ఆహార పదార్థము ఎక్కువగా నున్న వైపునకు ఈదును. దానికి ఏమాత్రము ఆహారముగా ఉపయోగపడని కొన్ని పదార్థములు, ఆహారమును పోలియున్నంత మాత్రముననే, దానిని ఆకర్షించునని జూలియస్ ఆడ్లర్ 1969లో చూపెను. బాక్టీరియా మోసపోవుచున్నది! రాతిని ఎవ్వరును మోసగింపజాలరు. మోసపోవునది ఏదో ఒకదానిని మరియొకదానికి గుర్తుగా తీసికొనుచున్నదని అనుటకు ఇది మంచి ఆధారము. కణమునందు గణనము ఎచ్చట మొదలగునో వెదకువారు ఈ గుమ్మమునొద్ద వెదకుట మేలు.

తుపాను లెక్క కట్టదు

ఈ విచారణ అంతయు మన తీరవాసులకు ఎందులకని అడుగువారుందురు. తుపానులను తలచిన చాలును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున దాటి, ఉద్దానము కొబ్బరి, జీడి తోటలను కూల్చివేసినది, వంశధార పొంగినది. "తుపాను తన మార్గమును తానే లెక్క కట్టుకొనును" అనుట వినుటకు సొంపుగా నుండును. అయితే ఆ లెక్క మనకెప్పుడు తెలియును? తుపాను మన ఇంటి కప్పు ఎగురగొట్టినపుడు. అట్టి లెక్కను లెక్క యనుట వృథా.

వాతావరణమును సంఖ్యలతో ముందుగా చెప్పుటకు మొదట పూనుకొన్న ఆంగ్లేయుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. 1910 మే 20నాటి వాతావరణమును తీసికొని ఆరు గంటల మార్పును చేతితో లెక్క కట్టి, 1922లో గ్రంథముగా ప్రకటించెను. పీడనము ఆరు గంటలలో 145 మిల్లీబార్లు మారునని అతని లెక్క తేల్చినది. నిజముగా ఆనాడు పీడనము దాదాపు కదలలేదు. ఇంత ఘోరమైన తప్పు విజ్ఞాన చరిత్రలో అరుదు. అయినను ఆ తప్పును అతడు దాచక ప్రకటించినందుననే తరువాతివారు దాని కారణమును పట్టుకొనగలిగిరి. 1950లో ఎనియాక్ యంత్రముపై చార్నీ, ఫ్యోర్టోఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ కలిసి చేసిన గణనములు మొదటిమారు ఫలించినవి. నేడు భారత వాతావరణ శాఖవారు తుపాను తీరము దాటు చోటును ముందుగా చెప్పగలుగుట ఆ దారిన వచ్చినదే.

గాలికి తప్పు లేదు. రిచర్డ్‌సన్ లెక్కకు తప్పున్నది. అందువలననే దిద్దుబాటునకు అవకాశము కలిగినది. తుపాను నడచిన దారికిని, ముందు చెప్పిన దారికిని ఎన్ని కిలోమీటర్ల ఎడమున్నదో ప్రతి తుపాను పిమ్మట కొలుతురు. ఆ ఎడము ఏటేట తగ్గించుటయే శాస్త్రజ్ఞుల పని. తుపానును, గణనమును ఒకటే అన్నవారికి ఈ ఎడము కనిపింపదు. కనిపింపనిదానిని తగ్గించు ఉపాయమును తోచదు. అంతేకాదు, యంత్రము తేల్చిన సంఖ్యను చదివి, అర్థము చేసికొని, వేటకు పోవలదని మత్స్యకారుల పల్లెకు చేర్చువారు లేనిచో గణనము సగములోనే ఆగిపోయినట్లు. చతురస్రపు చివరి భుజము తీరమున మనుష్యుని చెవి వరకు సాగవలెను.

ఉపాధ్యాయులకు ఒక మనవి

పై చర్చనుండి తరగతి గదికి మూడు ప్రశ్నలు తీసికొనిపోవచ్చును. ఏ వ్యవస్థయైన లెక్క కట్టుచున్నదని ఎవరైన చెప్పినపుడు విద్యార్థులచేత ఇట్లడిగింపుడు. ఇందులో ఏది దేనికి గుర్తు, ఆ గుర్తు ముందే ఏర్పడినదా? ఇచ్చినదానిని మార్చిన వచ్చునది తగినట్లు మారునా? తప్పు వచ్చుటకు తావున్నదా, వచ్చిన కనుగొను దారి కలదా? మూడింటికి అవునన్నచో గణనమనుడు. ఒకటి రెండు కొరవడినచో కొలతయో, ప్రయోగమో, వట్టి ప్రకృతి నడకయో యగును. పోటు యంత్రము, పోటు కొలబద్ద, సముద్రము ఈ మూడును క్రమముగా జ్ఞాపకముంచుకొన్న చాలును.

హార్స్‌మన్ బృందము గీసిన చతురస్రమునకు ఒక మూల ఇంకను మసకగానున్నది. గుర్తును గుర్తుగా తీసికొను శక్తి పదార్థమునందు మొదట ఎట్లు పుట్టినదో వారు చెప్పలేదు. అయినను లెక్క కట్టువానిని, లెక్క కట్టు వస్తువును, లెక్కకు లొంగు ప్రకృతిని వేరువేరుగా చూపి వారు మేలు చేసిరి. "అన్నియు కంప్యూటర్లే" అను మాట విద్యార్థికి ఆశ్చర్యము కలిగించి ఊరుకొనును. రెండు అట్టముక్కలు జరిపి ఆరు రాబట్టిన విద్యార్థి ఆ ఆరు ఎచ్చటనుండి వచ్చినదని అడుగును. అట్లడుగువాని చేతికి ఆ అట్టముక్కల నిచ్చుట మన పని.